థెరపీ గదులు పంచుకుందామనుకుంటే ముందు అద్దె లెక్క తేల్చుకోండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు విజయవాడలో క్లినికల్ సైకాలజిస్టు. మీతో పాటు ఒక స్పీచ్ థెరపిస్టు, ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు (ఆటలతో, కదలికలతో పిల్లలకు రోజువారీ పనులు అలవాటు చేసేవాళ్లు), ఒక కౌన్సెలర్ ఉన్నారు. మొగల్రాజపురం వైపు ఒక ఇంటి మొదటి అంతస్తు చూశారు, నాలుగు గదులు, లిఫ్టు లేదు. దాన్ని తీసుకుని నలుగురూ వాడుకుంటూ, ఖాళీ గంటలు బయటి థెరపిస్టులకు ఇవ్వాలని ఆలోచన. వ్యాపారంలా మారిపోకూడదు, వచ్చే మనుషులకూ పనిచేసేవాళ్లకూ న్యాయం జరగాలి, దానికి ఏ నియమాలు రాసుకోవాలి అన్నారు. అగ్రిమెంటు ఒకరి పేరు మీద ఉండాలా నలుగురి పేర్ల మీదా అని కూడా అడిగారు.

సికింద్రాబాద్‌లో ఇలాంటి చోటొకటి చాలా ఏళ్లుగా నడుపుతున్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను. విలువల గురించి ఒక పేజీ రాసి ఫ్రేము కట్టించి రిసెప్షన్‌లో పెట్టడం చాలామంది చేస్తారు, దాని వల్ల నష్టమేమీ లేదు. కానీ నెలాఖరున అద్దె కట్టాల్సిన టెన్షన్ వచ్చినప్పుడు ఆ ఫ్రేము వైపు ఎవరూ చూడరు. అందుకే డబ్బు ఎటు నుంచి వస్తుందో ముందే సరిగ్గా పెట్టుకోవాలి. నా సలహా ఒక్క ముక్కలో: గదికి అద్దె తీసుకోండి, థెరపిస్టు ఫీజులో వాటా తీసుకోకండి.

వాటా పద్ధతి మన దగ్గర బాగా అలవాటు. ఫీజులో 30 శాతం నుంచి సగం దాకా అడిగే చోట్లు చూశాను. కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన పిల్లలకు అది మంచిదనే అనిపిస్తుంది, క్లయింటు రాకపోతే కట్టేదేమీ లేదు కదా అని. చిక్కు తర్వాత మొదలవుతుంది. సెషన్‌కు 1,000 రూపాయల ఫీజు, చోటుకు 40 శాతం అనుకుందాం. వారం వారం వచ్చే మనిషితో "మీరు ఇప్పుడు బాగానే ఉన్నారు, ఇక పదిహేను రోజులకోసారి వస్తే చాలు" అని థెరపిస్టు అన్న ప్రతిసారీ మీకు నెలకు 800 తగ్గుతుంది. "ఈ సమస్యకు నాకంటే ఫలానా డాక్టరుగారు మేలు" అని పంపించేస్తే మొత్తం పోతుంది. ఫీజు తగ్గిస్తే మీదీ తగ్గుతుంది. అంటే మంచి థెరపిస్టు చేయాల్సిన మంచి పనులన్నీ మీకు నష్టం తెచ్చేవే. మీరు ఎంత మంచివారైనా, రెండు నెలలు వరసగా చేతి డబ్బు పెట్టాల్సి వస్తే, "ఆ అమ్మాయికి క్లయింట్లు నిలబడటం లేదు" అనే మాట మీ నోటి నుంచే వస్తుంది.

గంట అద్దె అయితే ఆ గదిలో ఎవరు ఎవరికి ఏం చెప్పారన్నది మీ జేబుకు సంబంధం లేని విషయం అవుతుంది. లెక్క ఇలా వేసుకోండి. ఉదాహరణకు ఇంటద్దె 45,000, రిసెప్షన్‌లో ఒకరికి 16,000, ఆయాకు 9,000, కరెంటు, నెట్, మంచినీళ్లు, రిపేర్లు కలిపి 15,000. ఇవన్నీ చూసుకునే మీ శ్రమకు 15,000. మొత్తం లక్ష. నాలుగు గదులు, రోజుకు 9 గంటలు, నెలకు 25 రోజులు అంటే 900 గంటలు. సగం నిండితే గొప్ప అనుకోండి, 450 గంటలు. గంటకు 225 రూపాయల దాకా పడుతుంది. ఇంట్లోవాళ్లు ఆఫీసుల నుంచి, పిల్లలు బడి నుంచి వచ్చేదాన్ని బట్టి సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా అందరికీ గది కావాలి, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎవరికీ వద్దు. కాబట్టి సాయంత్రం 300, మధ్యాహ్నం 150 అని పెట్టుకోవచ్చు. ఈ లెక్క మొత్తం, మీ 15,000తో సహా, గది తీసుకునే ప్రతివాళ్లకూ చూపించండి. మీ జీతం దాచుకుని "అబ్బే, నాకేమీ మిగలదండీ" అంటే ఎవరూ నమ్మరు, నమ్మనక్కర్లేదు కూడా.

కొత్తవాళ్లు ఎలా కడతారన్నది న్యాయమైన ప్రశ్నే. దానికి వాటా అక్కర్లేదు. మొదటి మూడు నెలలు సగం అద్దె, తర్వాత మూడు నెలలు ముప్పావు, ఆ తర్వాత పూర్తి అద్దె. ఆ తగ్గింపు భారాన్ని మిగతావాళ్ల గంట రేటులో ముందే కలుపుకోండి. క్లయింటు ఆఖరు నిమిషంలో రానంటే అద్దె ఎవరిదన్నదీ రాసుకోవాలి. ముందురోజు చెబితే మాఫీ, అదే రోజు అయితే సగం, ఇది మా దగ్గర గొడవ లేకుండా నడుస్తోంది.

పిల్లల థెరపీ ఉంది కాబట్టి ప్యాకేజీల సంగతి విడిగా చెప్పాలి. ఆటిజం, మాటలు ఆలస్యం అనగానే తల్లిదండ్రులు ఎంత భయంలో ఉంటారో మీకు తెలుసు. ఆరు నెలల డబ్బు ఒకేసారి కట్టించుకుని, మధ్యలో మానేస్తే తిరిగి ఇచ్చేది లేదని రసీదు వెనక చిన్న అక్షరాల్లో వేసే సెంటర్లు ఉన్నాయి. మొదటిరోజు పెద్ద డిగ్రీ ఉన్నావిడ చూసి, రెండో వారం నుంచి ఇంటర్న్‌తో చేయించేవీ ఉన్నాయి. మీ చోట్లో ఎవరైనా సరే నెల కంటే ఎక్కువ అడ్వాన్సు తీసుకోకూడదని, వాడుకోని సెషన్ల డబ్బు వారంలోగా తిరిగి ఇవ్వాలని గది ఒప్పందంలోనే రాయండి. పిల్లాడితో కూర్చునేది ఎవరు, వాళ్ల చదువేమిటి, వాళ్లను పర్యవేక్షించేది ఎవరు అన్నది మొదటిరోజే కాగితం మీద తల్లిదండ్రులకు ఇవ్వాలి. "నూటికి నూరుశాతం నయం చేస్తాం" అనే బోర్డు, పాంప్లెటు, ఇన్‌స్టాగ్రామ్ రీలు దేనిలో కనిపించినా ఆ థెరపిస్టుకు గది ఇవ్వకండి. ఇందులో మొహమాటం పనికిరాదు.

కమిషన్ గురించి కూడా. మీరు మొదలుపెట్టిన నెలలోపే ఎవరో ఒకరు వచ్చి "మా డాక్టరుగారు కేసులు పంపిస్తారు, మరి మీరు ఏమిస్తారు" అని అడుగుతారు. డాక్టర్లు కేసు పంపినందుకు కమిషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం మెడికల్ కౌన్సిల్ 2002 నియమావళిలోనే నిషేధం. మీకు ఆ నియమావళి వర్తించదు కదా అని వాదించేవాళ్లుంటారు. వాళ్లకు టీ ఇచ్చి పంపించండి. మీ చోట్లో థెరపిస్టులు ఒకరికొకరు కేసులు పంపుకోవడానికీ అదే నియమం. సంక్రాంతికి స్వీట్లు పంచుకోవడానికి మాత్రం ఏ నియమమూ అడ్డు కాదు.

ఇక ఎవరిని లోపలికి రానివ్వాలన్నది. క్లినికల్ సైకాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (వైకల్యాలున్నవాళ్లతో పనిచేసే నిపుణులను రిజిస్టర్ చేసే కేంద్ర సంస్థ) కిందికి వస్తారు. 1992 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సర్టిఫికెట్ జిరాక్సు చూసి ఊరుకోకుండా కౌన్సిల్ వెబ్‌సైటులో నంబరు వెతికి, గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. రెన్యువల్ మరిచిపోయినవాళ్లు మీరనుకునేదానికంటే ఎక్కువ. ఆక్యుపేషనల్ థెరపీ, ఫిజియోథెరపీ వాళ్లు 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ చట్టం పరిధిలోకి వస్తారు. బిహేవియరల్ హెల్త్ సైన్సెస్ అనే వర్గంలో మిగతా సైకాలజిస్టులనూ కౌన్సెలర్లనూ ఆ చట్టమే చేర్చింది.

కౌన్సెలర్ల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. వారాంతం కోర్సు చేసినవాళ్లూ కౌన్సెలరే, రెండేళ్ల ఎమ్మెస్సీ చేసి ఆసుపత్రిలో పనిచేసినవాళ్లూ కౌన్సెలరే. బోర్డు మీద ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. నేను డిగ్రీ చూస్తాను, దానికంటే ఎక్కువగా "మీ కేసులు ఎవరితో చర్చిస్తారు" అని అడుగుతాను. సూపర్‌వైజర్ పేరు చెప్పలేనివాళ్లకు గది ఇవ్వను. "ఇరవై ఏళ్ల అనుభవం అండీ, నాకు సూపర్‌విజన్ ఎందుకు" అనేవాళ్లు వస్తే ఇంకా భయం. నేమ్‌బోర్డు మీద చదువు పూర్తిగా రాయించండి. పీహెచ్‌డీ వల్ల వచ్చిన 'డాక్టర్' అయితే ఏ సబ్జెక్టులోనో పక్కనే ఉండాలి. మందులు రాసే డాక్టరనుకుని వచ్చినవాళ్లకు గుమ్మం దగ్గరే విషయం తెలియాలి కదా.

ఇప్పుడు గోడల దగ్గరికి వస్తాను. నలుగురూ పంచుకునే చోట్లో గోప్యత అంటే ముందుగా గోడలూ తలుపులే. మీరు చూసిన ఇల్లు పాత ఇటుక గోడలదైతే అదృష్టం. హాలును రెండు చేయడానికి జిప్సం పార్టిషన్ వేయిద్దామని ఇంటీరియర్ ఆయన అంటాడు, ఫాల్స్ సీలింగ్ దాకా వేసి వదిలేస్తాడు. అలా చేస్తే మాట ఫాల్స్ సీలింగ్‌లోకి ఎక్కి, గోడ పైనుంచి దాటి, అవతలి గదిలోకి దిగుతుంది. పార్టిషన్ పైన శ్లాబు దాకా వెళ్లాలి, రెండు షీట్ల మధ్య చప్పుడును పీల్చుకునే రాక్‌వూల్ నింపాలి. ఏసీ పైపుల కోసం కొట్టిన కన్నాలు, రెండు గదుల మధ్య వీపు కలిపి పెట్టిన స్విచ్‌బోర్డులు, వీటిలోంచి కూడా మాట వెళ్తుంది. తలుపులు బోలుగా ఉండేవి వద్దు, నిండు ఫ్లష్ డోర్లు పెట్టించండి. తలుపు కింద వేలు దూరేంత సందు ఉంటే ఆ ఖర్చంతా వృథా. తలుపు వేయగానే కిందికి దిగే రబ్బరు పట్టీలు దొరుకుతాయి. ఆ తర్వాత మాటలు వినబడకుండా సన్నటి హోరు చేసే వైట్ నాయిస్ మిషన్ పెట్టండి, గది లోపల పెట్టొద్దు, వెయిటింగ్ వైపు తలుపు దగ్గర పెట్టండి. అన్నీ అయ్యాక మీలో ఒకరు లోపల కూర్చుని ఏడుస్తున్న గొంతుతో మాట్లాడాలి, ఇంకొకరు బయట కుర్చీలో కూర్చుని వినాలి. మామూలు గొంతుతో పరీక్షిస్తే లాభం లేదు. మనుషులు ఇలాంటి గదుల్లో మామూలు గొంతుతో మాట్లాడరు.

మీకు ఇంకో చిక్కు ఉంది. ఆక్యుపేషనల్ థెరపీ అంటే ఉయ్యాల, ట్రాంపొలిన్, బంతులు, పరుగులు. అది చప్పుడు చేసే పని, చేయాలి కూడా. భర్త పోయిన మనిషి మీ దగ్గర కూర్చుని మాట్లాడుతుంటే పక్క గదిలో ధన్ ధన్ మని గెంతులు వినబడకూడదు. "ష్, మెల్లగా" అని పిల్లాడి నోరు మూయించడమూ తప్పే. రెండు గదుల మధ్య వంటగదో, స్టోరో, మెట్లో ఉండేలా చూసుకోండి. కుదరకపోతే గంటలు పంచుకోండి, ఆ గదిలో పిల్లలు ఉన్నప్పుడు పక్క గది ఖాళీ. ఉయ్యాల కొక్కెం శ్లాబుకు బిగించాలి కాబట్టి ఇంటి ఓనరు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, బిగించాక పెద్దవాళ్లు వేలాడి చూడండి. కింద ఇంట్లో ఎవరుంటారో కూడా కనుక్కోండి, వాళ్ల నెత్తిమీదే కదా ఆ గెంతులు.

లిఫ్టు లేని మొదటి అంతస్తు అన్నారు. నా మటుకు నేను తీసుకోను. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పదేళ్ల పిల్లవాడిని తల్లి రోజూ ఎత్తుకుని మెట్లెక్కుతుంటే, లోపల ఎంత మంచి థెరపీ జరిగినా మీరు సగం మందికి తలుపు మూసేసినట్టే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రైవేటు చోట్లకూ అందుబాటు ప్రమాణాలు ఉండాలంటోంది. గ్రౌండ్ ఫ్లోరు చూడండి, ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. స్కూటర్లు ఎక్కించుకోవడానికి గుమ్మం ముందు వేసే నిటారు సిమెంటు ముక్క ర్యాంపు కాదు. అద్దె అయిదారు వేలు పెరిగినా గంట మీద పదిహేను రూపాయలు కూడా పడదు, లెక్క వేసి చూడండి.

వెయిటింగ్ గది విషయంలో హైదరాబాద్ కంటే మీ ఊళ్లో ఎక్కువ జాగ్రత్త పడాలి. విజయవాడ పెద్ద ఊరే, కానీ ఇద్దరు మనుషులు పది నిమిషాలు ఎదురెదురుగా కూర్చుంటే చుట్టరికం బయటపడుతుంది. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయికి మీరు నేర్పాల్సిన మొదటి పాఠం "మీది ఏ ఊరండీ, మీ ఇంటిపేరేంటి" అని అడగకపోవడం. మనకది మర్యాద, పలకరింపు. ఇక్కడ మాత్రం అది ఎదుటివాళ్లకు గుండె గుభేలుమనిపించే ప్రశ్న. తెలిసినవాళ్లు వస్తే ఏం చేయాలో కూడా నేర్పాలి. తను ముందుగా పలకరించకూడదు, వాళ్లు పలకరిస్తే నవ్వి ఊరుకోవాలి, ఇంటికి వెళ్లి అమ్మతో కూడా అనకూడదు. ఆ అమ్మాయికి జీతం తక్కువిచ్చి, శిక్షణ ఏమీ ఇవ్వకుండా, గోప్యత కాగితం మీద సంతకం ఒకటి తీసుకుంటే సరిపోదు. మొదటి నెలలో వారానికో గంట కూర్చోబెట్టుకుని మాట్లాడండి. వచ్చినవాళ్లు మొదట చూసే ముఖం, చివర చూసే ముఖం తనదే.

సెషన్ 50 నిమిషాలు పెట్టి, పక్కపక్క గదుల సెషన్లు ఒకేసారి మొదలవ్వకుండా పావుగంట తేడా పెట్టండి. వెనక మెట్లుంటే వెళ్లేవాళ్లకు అటు దారి ఇవ్వండి. కుర్చీలు ఎదురెదురుగా వేయకండి. గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరులో 'ఎవరి దగ్గరికి, ఏ పని మీద' అనే గడులు ఉంటే చోటు పేరు రాస్తే చాలని ఓనరుతో ముందే మాట్లాడుకోండి. చోటుకు పెట్టే పేరు కూడా ఆలోచించి పెట్టండి. ఫోన్‌పేలో డబ్బు కడితే ఆ పేరే బ్యాంకు స్టేట్‌మెంటులో కనబడుతుంది, ఆ స్టేట్‌మెంటు ఇంట్లో ఎవరు చూస్తారో మనకు తెలియదు. 'మైండ్', 'మెంటల్' లాంటి మాటలు లేని సాదా పేరు మేలు. కౌంటర్ మీద సౌండ్‌బాక్స్ పెట్టకండి. తగ్గించిన ఫీజు కట్టిన మనిషి పక్కన పూర్తి ఫీజు కట్టే మనిషి నిలబడి ఉండగా అది "రెండు వందల రూపాయలు అందాయి" అని అరుస్తుంది. రిమైండర్ మెసేజీ ఏ నంబరుకు పంపాలో, అందులో ఏం రాయాలో క్లయింటునే అడిగి ఫారంలో రాసుకోండి. ఒకే ఫోను ఇంటిల్లిపాదీ చూసే ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి.

సీసీ కెమెరా వీధి గుమ్మం దగ్గర ఒకటి చాలు, మాట రికార్డు కానిది. పిల్లల గదిలో ఏం జరుగుతోందో చూడాలని తల్లిదండ్రులు అడగడంలో తప్పులేదు, అడగాలి కూడా. దానికి రికార్డింగు లేని, అక్కడికక్కడ చూసే స్క్రీనో, తలుపులో చిన్న అద్దమో పెట్టండి. ఒకరి పిల్లాడిని ఇంకొకరి తల్లి చూడకుండా ఏర్పాటు ఉండాలి. గూగుల్‌లో ఎవరైనా తిట్టి రివ్యూ రాస్తే జవాబుగా "మీరు మా దగ్గరికి ఫలానా సమస్యతో వచ్చారు" అని రాయకండి. "ధన్యవాదాలు, మీరు మళ్లీ రండి" అని రాసినా వాళ్లు మీ క్లయింటని చాటినట్టే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా చెప్పింది. ప్రాణాపాయం, ఇతరులకు హాని, కోర్టు ఉత్తర్వు లాంటి కొన్ని మినహాయింపులే ఇచ్చింది. పరువు కాపాడుకోవడం ఆ మినహాయింపుల్లో లేదు.

ఫైళ్లు ఎవరివి వాళ్లవి. ప్రతి థెరపిస్టుకూ తాళం ఉన్న అర విడిగా ఇవ్వండి, రెండో తాళంచెవి మీ దగ్గర ఉంచుకోకండి. రిసెప్షన్ కంప్యూటరులో పేరు, ఫోను, టైము తప్ప ఇంకేమీ ఉండకూడదు. "ఈరోజు సుజాతగారు వచ్చారా" లాంటి మెసేజీలు మీ నలుగురి వాట్సాప్ గ్రూపులో ఒకసారి మొదలైతే ఆగవు, అందుకే ఆ గ్రూపులో గదుల టైములు, ఏసీ రిపేర్లు మాత్రమే అని మొదటిరోజే చెప్పండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వల్ల ఎవరి వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి ఒప్పుకోలు తీసుకునే బాధ్యత చిన్న చోట్లకూ వస్తుంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలైతే తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలి. చాలామంది మరిచిపోయేది ఒకటుంది, థెరపిస్టు హఠాత్తుగా ఆసుపత్రిలో పడితేనో, చనిపోతేనో ఆ ఫైళ్లు ఎవరు తెరవాలి, క్లయింట్లకు ఎవరు ఫోను చేయాలి? ప్రతి ఒక్కరూ ఒక తోటి థెరపిస్టు పేరు రాసి సీలు వేసిన కవరు ఇవ్వాలి. కరోనా రెండో వేవ్ చూసినవాళ్లకు ఇది ఎందుకో చెప్పనక్కర్లేదు.

థెరపిస్టు మానేసి వేరే చోటికి వెళ్తే క్లయింట్లు ఎవరివన్న గొడవ దాదాపు ప్రతిచోటా వస్తుంది. క్లయింటు ఎవరి సొత్తూ కాదు. వెళ్లే థెరపిస్టు తన కొత్త చిరునామా చెప్పుకోవచ్చు, రిసెప్షన్‌లో ఎవరైనా అడిగితే మీవాళ్లు కూడా చెప్పాలి. వెళ్లాక రెండేళ్లు ఈ ఊళ్లో ప్రాక్టీసు చేయకూడదనే బాండ్లు రాయించుకునేవాళ్లున్నారు. 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం వృత్తి చేసుకోకుండా అడ్డుకునే అలాంటి షరతు చెల్లదు. చెల్లదని తెలిసీ ఇరవై నాలుగేళ్ల పిల్లను భయపెట్టడానికి రాయించుకుంటారు, అదీ నాకు కోపం. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవడం కూడా అంతే. మీరు జీతానికి ఎవరినైనా పెట్టుకుంటే సర్టిఫికెట్లు చూసి అదే రోజు తిరిగి ఇచ్చేయండి, రోజుకు ఎన్ని సెషన్లకు మించి చేయించకూడదో కూడా రాసుకోండి. పిల్లల థెరపిస్టుతో రోజుకు ఎనిమిది తొమ్మిది సెషన్లు చేయిస్తే చివరి మూడు సెషన్ల పిల్లలకు దక్కేది అలిసిపోయిన మనిషే.

ఫీజు కట్టలేనివాళ్ల మాట. ఉచిత సేవ అని బోర్డు పెట్టి, ఏడాది తిరక్కుండా ఆపేసిన చోట్లు ఉన్నాయి. దానికంటే చిన్నగా, ఆగకుండా చేయడం మేలు. మా పద్ధతి ఏమిటంటే, థెరపిస్టు తన ఫీజు పూర్తిగా వదులుకున్న సెషన్‌కు చోటు కూడా గది అద్దె వదులుకుంటుంది, సగం ఫీజు అయితే సగం అద్దె. వాళ్లు ఎవరు, ఎందుకు తగ్గించారన్నది చోటు అడగదు, ఆదాయ ధ్రువపత్రం చూపమనదు. దానికి నెలలో మధ్యాహ్నం గంటలు కొన్ని కేటాయించి, అవి నిండాక నిండాయని చెప్పేస్తాం. మీకు అందని కేసుల కోసం ఒక కాగితం సిద్ధంగా ఉంచుకోండి. మానసిక సహాయానికి ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలిమానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. విశాఖలో చినవాల్తేరు మానసిక వైద్యశాల, హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రి, మేధో వైకల్యం ఉన్న పిల్లలకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ. "మా వల్ల కాదండీ" అని పంపేసేటప్పుడు చేతిలో ఆ కాగితం పెడితే అవతలివాళ్లకు దారి దొరుకుతుంది.

భద్రత విషయం రెండు ముక్కల్లో చెప్పేయలేను. చోట్లో ఎప్పుడూ కనీసం ఇద్దరు ఉండాలి, రాత్రి ఎనిమిది తర్వాత ఒంటరిగా ఏ థెరపిస్టూ సెషన్ చేయకూడదు. ప్రతి గదిలో చేతికందే చోట బెల్ ఉండాలి, థెరపిస్టు కుర్చీ తలుపుకు దగ్గరగా ఉండాలి. ఆత్మహత్య ఆలోచనలో ఉన్న మనిషిని సెషన్ టైము అయిపోయిందని గది ఖాళీ చేయించకూడదు. తర్వాతి సెషన్‌ను వేరే గదికి మార్చే అధికారం రిసెప్షన్ అమ్మాయికి ముందే ఇచ్చేయండి. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పాల్సిందే, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష. మీ దగ్గర పనిచేసేవాళ్లే చేశారని తెలిసీ సంస్థ బాధ్యుడు దాచిపెడితే ఆ శిక్ష ఏడాది దాకా పెరుగుతుంది. గోప్యతకు ఈ మినహాయింపు ఉందని మొదటి సెషన్‌లోనే క్లయింటుకు చెప్పి ఉంచాలి, చెప్పకుండా తర్వాత ఫిర్యాదు చేస్తే మోసపోయామనుకుంటారు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల చట్టం ప్రకారం పదిమంది లోపు ఉంటే ఫిర్యాదు జిల్లా స్థాయి కమిటీకి వెళ్తుంది. ఆ వివరాలు గోడ మీద పెట్టండి. మీ దగ్గరికి వచ్చే మహిళా క్లయింటు కూడా ఆ చట్టం కింద ఫిర్యాదు చేయొచ్చు.

ఫిర్యాదు మీ మీదే వస్తే ఎవరు వింటారు? ఇది అడగరు ఎవరూ. చోటు మీది, అద్దె మీకే కడతారు, కాబట్టి మీ గురించి మీ థెరపిస్టులు మీతో అనరు. మీతో డబ్బు సంబంధం లేని, ఆ వృత్తి తెలిసిన పెద్దవాళ్లు ఒకరిని ఒప్పించి, వాళ్ల నంబరు అందరికీ ఇవ్వండి. భార్య మీ దగ్గరికి, భర్త పక్క గదిలోని కౌన్సెలర్ దగ్గరికి వస్తున్నారని మధ్యలో తెలిసినప్పుడు ఏం చేయాలో కూడా ఆ మనిషితోనే మాట్లాడుకోవచ్చు. ఒకే కప్పు కింద ఇది తరచూ జరుగుతుంది. ఇద్దరి ఒప్పుకోలు లేకుండా మీరిద్దరూ భోజనాల దగ్గర ఒక్క మాట కూడా అనుకోకూడదు.

పన్నుల విషయం త్వరగా. థెరపీ ఫీజుకు జీఎస్టీ మినహాయింపు వర్తించినా, గదులు అద్దెకివ్వడానికి వర్తించదు, దానికి 18 శాతం. ఏడాదికి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. పైన వేసిన లెక్కలో గది అద్దె 12 లక్షలే, కానీ మీ సొంత ఫీజు ఆదాయం కూడా ఆ 20 లక్షల్లో కలుస్తుంది, ఇది చాలామంది చూసుకోరు. మంచి ఆడిటర్‌ను మొదటే పెట్టుకోండి. కరెంటు మీటరు కమర్షియల్ కేటగిరీకి మారుతుంది, దాని ఖర్చు ఓనరుదా మీదా అన్నది రాసుకోండి.

ఇక మీ చివరి ప్రశ్న. ఇంటి లీజు మీ ఒక్కరి పేరు మీదే తీసుకోండి. నలుగురి పేర్ల మీద తీసుకుంటే ఒకరు వెళ్లిపోయినప్పుడు ఓనరుతో మొత్తం కాగితం మార్చాలి. నలుగురిలో ఇద్దరికి పడకపోతే మిగతా ఇద్దరి ప్రాక్టీసూ ఆగిపోతుంది. కానీ అద్దెకుండే ఆ ముగ్గురికీ మీరు రాసిచ్చే ఒప్పందం మాత్రం గట్టిగా ఉండాలి. మూడు నెలల నోటీసు రెండువైపులా, గంట రేటు ఏడాదికోసారి మాత్రమే, అదీ లెక్క చూపించి పెంచాలి. డిపాజిట్ రెండు నెలల అద్దెకు మించకూడదు, వెళ్లిన పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వాలి. గోడలకు, తలుపులకు మీరు లక్షలు పెడుతున్నారు కాబట్టి ఓనరు దగ్గర 11 నెలల నోటరీ కాగితంతో సరిపెట్టుకోకండి. కనీసం మూడేళ్ల లీజు రిజిస్టర్ చేయించండి. అందులో థెరపీ సెంటర్ అని, గదులు ఇతరులకు ఇచ్చే హక్కు మీకుందని స్పష్టంగా ఉండాలి. ఓనరు ఈ రెండింటిలో దేనికి ఒప్పుకోకపోయినా ఆ ఇల్లు వదిలేసి ఇంకోటి చూసుకోండి.